6.4 హార్డ్ డిస్క్ వైఫల్యం - వ్యాపార సంస్థ తీసుకోవలసిన చర్యలు

కంప్యూటర్ పాడైతే కొత్తది కొనవచ్చు. అందులోని ఖాతాలు పోతే వాటిని కొనలేము. కేంద్ర జి.ఎస్.టి. చట్టం ప్రకారం నమోదైన వ్యాపారి తన ఖాతా పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలల వరకు భద్రపరచాలి. కాబట్టి డిస్క్ వైఫల్యాన్ని ఎదుర్కోవడం సాంకేతిక నిపుణుని పని మాత్రమే కాదు, నిర్వాహకుని బాధ్యత కూడా.

6.4.1 వైఫల్య సూచనలు

హార్డ్ డిస్క్‌లోని పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. వాటికి అతి దగ్గరగా రీడ్-రైట్ హెడ్ కదులుతుంది. హెడ్ పళ్లేన్ని తాకినా, బేరింగులు అరిగినా డిస్క్ దెబ్బతింటుంది. ఫైళ్లు ఆలస్యంగా తెరుచుకోవడం, టిక్ టిక్‌మనే శబ్దం, కాపీ చేసేటప్పుడు దోష సందేశాలు రావడం ముఖ్య సూచనలు. డిస్క్‌లోనే ఉండే 'స్మార్ట్' అనే స్వీయ పరిశీలన వ్యవస్థ చెడిపోయిన సెక్టార్ల సంఖ్యను నమోదు చేస్తుంది. అయితే దీనిపైనే ఆధారపడరాదు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. విఫలమైన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో నాలుగు ప్రధాన స్మార్ట్ సూచనల్లో ఒక్కటి కూడా కనిపించలేదని అందులో తేలింది.

6.4.2 తక్షణ చర్యలు

1. ఆ డిస్క్‌పై కొత్త సమాచారం రాయడం ఆపాలి.
2. ముఖ్యమైన ఫైళ్లను వెంటనే వేరే డిస్క్‌లోకి కాపీ చేయాలి. మరమ్మతు ప్రోగ్రాములను ఆ తరువాతే వాడాలి. అవి డిస్క్ మొత్తాన్ని చదువుతాయి. బలహీనమైన డిస్క్ ఆ ఒత్తిడికే పూర్తిగా ఆగిపోవచ్చు.
3. టిక్ టిక్‌మనే శబ్దం వస్తుంటే కాపీకి కూడా ప్రయత్నించకుండా విద్యుత్ ఆపి, డేటా రికవరీ నిపుణులకు అప్పగించాలి. డిస్క్ మూత తెరవరాదు. లోపల చేరిన ధూళి పళ్లేలను పాడుచేస్తుంది.

6.4.3 రెయిడ్, బ్యాకప్‌ల మధ్య తేడా

రెయిడ్-1 పద్ధతిలో ఒకే సమాచారం రెండు డిస్కులపై నమోదవుతుంది. ఒకటి ఆగినా పని కొనసాగుతుంది. కానీ గుమాస్తా పొరపాటున ఒక ఫైలును తొలగిస్తే అది రెండింటి నుండీ పోతుంది. అంటే, రెయిడ్ పని ఆగకుండా చూస్తుంది. బ్యాకప్ పోయినదాన్ని తిరిగి ఇస్తుంది. ఒకటి ఉంటే రెండవది అక్కరలేదనుకోవడం సరికాదు.

సమాచారానికి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల మాధ్యమాల్లో ఉండాలి. ఒక ప్రతి కార్యాలయం వెలుపల ఉండాలి. అప్పుడప్పుడు బ్యాకప్ నుండి కొన్ని ఫైళ్లను తిరిగి తెచ్చి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. ఈ పరీక్ష చేయని బ్యాకప్‌ను నమ్మలేము.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక టోకు దుకాణంలో రెయిడ్-1 ఉంది, బ్యాకప్ లేదు. ఏ సందర్భాల్లో వారి ఖాతాలు పోయే ప్రమాదం ఉంది? రెండు సందర్భాలు రాయండి.