డ్రమ్మర్ తొలి రికార్డింగు: అపోహలు – వాస్తవాలు

తొలిసారి స్టూడియోలో అడుగుపెట్టబోయే డ్రమ్మర్ల చెవిన తప్పనిసరిగా పడే అభయవాక్యం ఒకటుంది: ‘లయ కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, కంప్యూటర్‌లో సరిచేస్తారు.’ ఈ భరోసాతో సాధన మానేసి, అరిగిన స్కిన్లతో, కిర్రుమనే పెడల్‌తో వచ్చేవారి వల్ల గంటల లెక్కన అద్దె కట్టిన బృందం సొమ్ము హరించుకుపోతుంది; చివరకు ఆ వాయింపును పక్కనపెట్టి ప్రోగ్రామింగ్ లయతోనే పాట పూర్తిచేసుకోవలసి వస్తుంది.

ఈ నమ్మకానికి మూలం డ్రమ్ యంత్రాలలో ఉంది. 1980లో రోజర్ లిన్ రూపొందించిన ఎల్ఎం-1 యంత్రం, మీట నొక్కడంలో వచ్చిన తడబాటును తనంతట తానే సర్ది, ప్రతి దెబ్బనూ కాలపు గడిలో కూర్చోబెట్టేది. ఈ సర్దుబాటునే క్వాంటైజ్ చేయడం అంటారు. యంత్రంలో ఏ శబ్దానికాశబ్దం విడిగా ఉంటుంది కనుక అది సాధ్యమైంది. అసలు డ్రమ్ కిట్‌లో మాత్రం స్నేర్ మీద పడిన ఒక్క దెబ్బ దాని పక్కనున్న మైకులోనే కాక, టామ్‌ల మైకుల్లోనూ, సింబల్స్ పైన వేలాడే ఓవర్‌హెడ్ మైకుల్లోనూ నమోదవుతుంది. ఒక వాద్యపు ధ్వని ఇలా మరో మైకులోకి చొరబడటాన్ని బ్లీడ్ అంటారు. ధ్వని మీటరు దూరం దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, అదే దెబ్బ ఒక్కో మైకుకు ఒక్కో క్షణంలో చేరుతుంది. స్నేర్ ట్రాక్‌ను ఒక్కదాన్నే జరిపితే ఈ పొంతన చెడి, కొన్ని తరంగాలు పరస్పరం రద్దయి, దెబ్బ పీలగా వినిపిస్తుంది, లేదా జంటగా మోగుతుంది. అందుకే ట్రాకులన్నిటినీ కలిపి కోసి జరపాలి. అప్పుడు ఆ కోత మోగుతున్న సింబల్ మీద పడి, దాని మోత నడిమధ్యన తెగినట్లు వినిపించే ప్రమాదం ఉంది.

నిమిషానికి 120 బీట్ల వేగంలో బీటును నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగం 125 మిల్లీసెకన్లు. దెబ్బ అందులో సగానికి మించి పక్కకు తప్పితే, దాన్ని సాఫ్ట్‌వేర్ తప్పుడు గడిలోకే నెడుతుంది. వాద్యకారుడి ఉద్దేశాన్ని ఊహించే దివ్యదృష్టి దానికి లేదు. స్నేర్ ధ్వని బదులు వేరొక ధ్వనిని అతికించవచ్చుగా అనేవారు, పాత దెబ్బ ఓవర్‌హెడ్ ట్రాకుల్లో పదిలంగా ఉంటుందనీ, దెబ్బల నడుమ వినీవినపడనట్లు పలికే మెత్తని ఘోస్ట్ నోట్లు ఆ అతుకులో గల్లంతవుతాయనీ మరచిపోతారు.

క్లిక్, అంటే హెడ్‌ఫోన్‌లో వినిపించే టిక్కుటిక్కు, వాయింపులోని జీవాన్ని చంపేస్తుందన్న ఫిర్యాదులో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. రోలింగ్ స్టోన్స్ 1969లో విడుదల చేసిన ‘హాంకీ టాంక్ విమెన్’ పాట మొదలైన వేగం కంటే ఎక్కువ వేగంతో ముగుస్తుంది, ఆ ఉరుకే దానికి అందం. పాటకు అటువంటి నడక అవసరమైతే క్లిక్ మానేయవచ్చు, లేదా ఏ భాగం ఏ వేగంలో నడవాలో ముందే అమర్చుకునే టెంపో మ్యాప్ సిద్ధం చేసుకోవచ్చు. క్లిక్‌తో ఒక్కనాడూ సాధన చేయనివారు ఈ వాదన ఎత్తుకుంటే మాత్రం అది ఆడలేక మద్దెల ఓడన్న చందమే.

మిగిలిన నమ్మకాలకు ఒక్కొక్క వాక్యం చాలు. మైకులు ఎన్ని ఎక్కువైతే ధ్వని అంత గొప్పదనేవారు, లెడ్ జెప్లిన్ 1971 నాటి ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ కోసం జాన్ బోనమ్ వాయింపును మెట్లదారి పైన వేలాడదీసిన రెండు మైకులతో పట్టారని తెలుసుకోవాలి. బలంగా బాదితే నిండుగా పలుకుతుందనుకుంటే, ముఖ్యంగా సింబల్స్ విషయంలో, మిగతా వాద్యాలు ఆ హోరులో మునిగిపోతాయి. కొత్త స్కిన్లు రికార్డింగు రోజు ఉదయమే బిగిస్తే అవి సాగుతూ శ్రుతి దిగుతాయి కనుక, ఆ పని ఒకటి రెండు రోజుల ముందే చేయాలి.

కంప్యూటర్‌పై భరోసా వదిలి డ్రమ్మర్ చేసుకోవలసిన పనులు మామూలువే. పాటలోని ప్రతి భాగం ఎన్ని బార్లో కాగితం మీద రాసుకోవాలి. క్లిక్‌ను 2, 4 బీట్ల మీదే మోగనిచ్చి సాధన చేసి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినాలి. పెడల్‌కు నూనె వేసి, అదనపు కర్రలు, స్నేర్‌కు మరో స్కిన్, శ్రుతి బిగించే కీ, క్లిక్ మైకుల్లోకి కారకుండా చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ సంచిలో పెట్టుకోవాలి. గది మారితే ధ్వని మారుతుంది కనుక శ్రుతి అక్కడే మళ్లీ సరిచూసుకోవాలి. టేక్ మధ్యలో దెబ్బ తప్పితే, మొహమాటపడకుండా ఇంజనీరుకు అప్పుడే చెప్పి, కొన్ని బార్ల ముందునుంచి వాయించుకుంటూ వచ్చి ఆ చోటును తిరిగి రికార్డు చేయించుకోవాలి. దీన్నే పంచ్-ఇన్ అంటారు. అప్పటికప్పుడు నిమిషాల్లో ముగిసే ఈ పనిని ఎడిటింగుకు వదిలేస్తే గంటలు పడుతుంది, ఆ గంటల బిల్లూ బృందమే కట్టాలి.