గొప్ప సినిమా అని తేల్చేది ఎవరు?

“పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి” అన్నారు పెద్దలు. సినిమాల విషయంలో ఈ సామెత మన హాస్టళ్లలో రోజూ రుజువవుతూనే ఉంటుంది. ఒకరు కళ్లకద్దుకునే పాత సినిమా మరొకరికి నిద్ర తెప్పిస్తుంది. వాదన పెరిగి పెరిగి చివరికి “నీకు టేస్టు లేదులేరా” అనే మాటతో ఆగిపోతుంది. మన పిల్లల్లో చాలామంది ఆ మాటకు భయపడి, పెద్ద కాలేజీలకు వెళ్లాక నోరు విప్పడం మానేస్తారు. అందుకే ఈ నాలుగు మాటలు.

రుచి వేరు, నాణ్యత వేరు

మెస్సులో వంకాయ కూర వండారనుకుందాం. “నాకు వంకాయ పడదు” అంటే అది రుచి. “కూర మాడింది” అంటే అది నాణ్యత గురించిన మాట. మొదటిదానికి కారణం చెప్పనక్కర్లేదు. రెండోదాన్ని గిన్నె తెచ్చి చూపించవచ్చు. సినిమా వాదనల్లో సగం గొడవ ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తుంది.

‘మాయాబజార్’నే తీసుకోండి. కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా వారు 1957లో తీసిన చిత్రం. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ ఛానల్ జరిపిన ఓటింగులో భారతీయ చిత్రాలన్నిటిలోకీ గొప్పదిగా నిలిచింది. “పద్యాలెక్కువ, నాకు నచ్చలేదు” అని ఎవరైనా అంటే అది వారి ఇష్టం. కానీ పాండవులు ఒక్కరూ తెరమీద కనిపించకుండానే కథ నడిపిన నేర్పు, మార్కస్ బార్‌ట్లీ కెమెరా పనితనం, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నటన ఎవరికైనా వేలుపెట్టి చూపించగలిగినవి.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. మా నాన్నకు ‘స్క్రీన్‌ప్లే’ అనే మాట తెలియదు. కానీ “పాండవులు లేకుండానే పాండవుల కథ చెప్పాడ్రా!” అని ఆయన అనేవాడు. ఆ సినిమా గురించి తరువాత నేను పుస్తకాల్లో చదువుకున్నది కూడా అదే. మంచిచెడ్డలు గుర్తించడానికి పట్టా అవసరం లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఎక్కడ నిలబడి చూస్తున్నాం?

రుచి, నాణ్యతలతో పాటు మూడో సంగతి ఒకటుంది. దానికి మన పల్నాడు కథే సాక్ష్యం. ‘మాలపిల్ల’ (1938) తీసి అంటరానితనాన్ని తెరమీద నిలదీసిన గూడవల్లి రామబ్రహ్మం ‘పల్నాటి యుద్ధం’ మొదలుపెట్టారు. 1946లో ఆయన మరణించగా ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశారు. చిత్రం 1947లో విడుదలైంది. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు. మళ్లీ 1966లో ఎన్.టి.రామారావు, భానుమతితో అదే కథ వచ్చింది.

నటన బాగుందా, యుద్ధం బాగా తీశారా అన్నవి ఎవరైనా అడిగే ప్రశ్నలే. మన ప్రాంతం వాళ్లకు ఇంకొన్ని ప్రశ్నలుంటాయి. మాచర్ల వైపు నుంచి చూసేవారికి బ్రహ్మనాయుడు నాయకుడు. గురజాల వైపు నుంచి చూస్తే, ఆ కాలంలో మంత్రిగా రాజ్యం నడిపిన ఒక స్త్రీని కుట్రదారుగానే చూపించాలా అనిపిస్తుంది. చాపకూడు గురించి, బ్రహ్మనాయుడి సేనాని మాల కన్నమదాసు గురించి వింటూ పెరిగిన మనం, ఆయనకు దక్కాల్సిన చోటు తెరమీద దక్కిందా అని వెతుకుతాం. ఇవి తక్కువ ప్రశ్నలు కావు, టేస్టు లేకపోవడమూ కాదు. వేరే చోట కూర్చున్నవారికి కనిపించనిది మనకు కనిపించడం.

తీర్పులూ మారతాయి

బ్రిటన్‌లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి విమర్శకులను అడిగి ఉత్తమ చిత్రాల జాబితా వేస్తోంది. మొదటిసారి ‘బైసికిల్ థీవ్స్’ ముందుంది. 1962 నుంచి 2002 వరకు అయిదుసార్లూ ‘సిటిజన్ కేన్’దే మొదటి స్థానం. 2012లో ‘వెర్టిగో’ వచ్చింది. 2022లో ఓటు వేసేవారి సంఖ్యను బాగా పెంచారు. అప్పుడు శాంతల్ అకెర్‌మాన్ అనే మహిళ తీసిన ‘జాన్ డీల్మాన్’ మొదటికొచ్చింది. ఒక గృహిణి వంటింటి పనులు చూపే సినిమా అది. అందులోని ఒక్క ఫ్రేమూ మారలేదు. మారింది తీర్పు చెప్పేవారు.

అలాగని ఎవరికి తోచింది వారు అంటే చెల్లుతుందా? చెల్లదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పేరున్న సినిమా నచ్చకపోతే మూడు ప్రశ్నలు వేసుకోండి. నాకు నచ్చనిది ఏమిటి? అది సినిమాలో లోపమా, నాకు అలవాటు లేకపోవడమా? ఇందులో ఎవరి కథ చెప్పారు, ఎవరిని వదిలేశారు? జవాబు దొరికాక, ఫలానా సన్నివేశం అని చూపించి ధైర్యంగా మాట్లాడండి. ఎదుటివారు చూపించిందీ చూడండి. ‘క్లాసిక్’ అనే మాటకు తలవంచనక్కర్లేదు, చూడకుండా తోసేయనూకూడదు. కారణం చెప్పగలిగినవాడి మాటను ఎంత పెద్ద తరగతిలోనైనా వినక తప్పదు.