రంగు చేసే కణాలు

పిల్లలూ! హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్ బజారులో ఎప్పుడైనా నడిచారా? ఎవరైనా ఎండుమిరప బస్తా విప్పారంటే చాలు, అందరికీ తుమ్ములే! సరుకు మంచిదే గాని, ఘాటు తప్పదు.

మన చర్మంలోనూ ఇలాంటి దుకాణాలున్నవి. అవే రంగు కణాలు. అవి టైరోసిన్ అనే పదార్థంనుంచి మెలనిన్ అనే రంగు చేసి, ఎండనుంచి మనను కాపాడుతాయి.

రంగు తయారయేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఘాటు పదార్థాలు పుడతాయి. ఆరోగ్యంగా ఉన్న కణం వాటిని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. కొందరిలో అవి పేరుకుపోతాయి. అప్పుడు కణం ఆపద సంకేతాలు పంపుతుంది. రోగక్రిములు సోకిన కణాలను చంపవలసిన టీ-కణాలు, అంటే మన కాపలావాళ్ళు, పరుగెత్తి వచ్చి, శత్రువనుకుని రంగు కణాన్నే చంపుతాయి. అక్కడ తెల్లమచ్చ పడుతుంది. ఇదే బొల్లి.

ఈ కాపలావాళ్ళను శాంతింపజేసే రుక్సోలిటినిబ్ అనే లేపనానికి 2022లో అమెరికాలో అనుమతి దొరికింది. వైద్యులు అతినీలలోహిత కాంతితో కూడా చికిత్స చేస్తారు. అప్పుడు వెంట్రుకల కుదుళ్ళలో దాగిన కణాలు పైకి వచ్చి, చుక్కలు చుక్కలుగా మళ్ళీ రంగు వేస్తాయి.

నేను ఉపాధ్యాయుడినైన కొత్తలో, కొందరు తల్లిదండ్రుల మాట విని, చేతులమీద మచ్చలున్న ఒక కుర్రవాణ్ణి వేరే బల్లమీద కూర్చోబెట్టాను. అది తప్పు. బొల్లి అంటువ్యాధి కాదు. కుష్ఠు అసలే కాదు. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు. వాడు తల దించుకుని, పలకా పుస్తకాలూ తీసుకుని బల్ల మారటం ఇప్పటికీ నా కళ్ళముందున్నది.

మీ తరగతిలో అలాంటి స్నేహితుడుంటే, రేపు అతని పక్కనే కూర్చోండి.