తుఫాను వెలిశాక పెరడు: అపోహలు – వాస్తవాలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఉత్తరాంధ్రలోని ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు నేలకొరిగాయి. ఆ తోటల సంగతి రాష్ట్రమంతటికీ తెలిసింది. ఇంటి వెనక కూలిన ఆనప పందిరి, నీట మునిగిన వంగ మడి గురించి పట్టించుకున్నవారు తక్కువ. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్ తుఫాన్లు రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. ఉత్తరాంధ్ర పెరళ్లకు అక్టోబరు గండం కొత్తది కాదు. దానితోపాటు కొన్ని అపోహలూ పాతుకుపోయాయి.

అపోహ: తుఫాను కొడితే ఆ ఏడాదికి పెరడు పోయినట్టే.

వాస్తవం: కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తోటకూర నెల రోజుల్లోపే కోతకొస్తుంది, ముల్లంగి నెలన్నరలో. అక్టోబరు, నవంబరు నెలలు శీతాకాలపు కూరగాయలు వేసుకునే అదను కూడా. తుఫాను దెబ్బ నుంచి అన్నిటికంటే ముందు కోలుకోగలిగేది పెరడే.

అపోహ: ఆకులు వాడాయంటే మొక్కకు నీరు కావాలి.

వాస్తవం: ఈ పొరపాటుతోనే చాలా మొక్కలు చస్తాయి. నేలలో నీరు నిలిస్తే వేళ్లకు గాలి ఆడదు. ఊపిరందని వేరు పక్కనే ఉన్న నీటిని కూడా పీల్చుకోలేదు, అందుకే మొక్క తడిలోనే వాడిపోతుంది. ముందు చిన్న కాలువ తీసి నీరు బయటకు పంపాలి. పైమట్టి ఆరాక మొదళ్ల దగ్గర తేలికగా గుల్ల చేయాలి.

అపోహ: వాన ఆగగానే యూరియా చల్లితే మొక్క లేస్తుంది.

వాస్తవం: దెబ్బతిన్న వేరు ఎరువును అందుకోలేదు. ఉద్దానం ఇసుక నేలల్లో అది మరో వానకే కిందికి కొట్టుకుపోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల 19:19:19 ఎరువు కలిపి ఆకులపై పిచికారీ చేస్తే మొక్కకు త్వరగా అందుతుంది. మొదలు కుళ్లుతుంటే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పాదులో పోయాలి.

అపోహ: ఉప్పుగాలి సోకిన నేల ఏళ్ల తరబడి పనికిరాదు.

వాస్తవం: ఉప్పు తుంపర ముందు ఆకును మాడుస్తుంది. వీలైనంత త్వరగా మంచినీటితో ఆకులు కడిగితే మేలు. ఇసుక నేలలో ఉప్పు వాననీటితో కిందికి దిగిపోతుంది. సముద్రపు నీరే వచ్చి నిలిచిన బంకమట్టి నేల సంగతి వేరు, అక్కడ మట్టి పరీక్ష చేయించాకే విత్తాలి.

అపోహ: విరిగిన ములగను, అరటిని పీకేయాలి.

వాస్తవం: ములగను రెండు మూడు అడుగుల ఎత్తున కోసి వదిలితే మళ్లీ చిగురిస్తుంది. పడిపోయిన అరటిని మొదలుకంటా నరికితే పిలకలు పుంజుకుంటాయి.

అపోహ: కొబ్బరి నీడ పోయాక కూరగాయలు బతకవు.

వాస్తవం: టమాటా, బెండలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. కొబ్బరి కూలిన చోట ఆ ఎండ దొరుకుతుంది. నీడలో పెరిగే కంద, పసుపుకు మాత్రం ఇబ్బందే. ఎండకు ఇసుక తొందరగా ఆరిపోతుంది కాబట్టి కొబ్బరి పీచు డొప్పలను మడుల కింద పాతిపెట్టాలి, రాలిన జీడాకును పైన పరచాలి. తుఫాను మిగిల్చిన చెత్తే తేమను కాపాడుతుంది.

అపోహ: పెరటి కూర ఎవరు తిన్నా, ఎంత తిన్నా మంచిదే.

వాస్తవం: మూత్రపిండాల జబ్బు ఇంటింటా భయపెడుతున్న ఉద్దానంలో ఈ మాట ప్రమాదకరం. ఆకుకూరలు, అరటి, కంద, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. జబ్బు ముదిరినవారి శరీరం దాన్ని బయటకు పంపలేదు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. కూర ముక్కలను ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీరు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. ఎవరు ఏది ఎంత తినాలో వైద్యుడే చెప్పాలి.

టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా ప్రతి ఇల్లూ సెప్టెంబరు ముగిసేలోపు మూడు పనులు చేసుకోవాలి. పెరట్లో నీరు పోయే దారి తీయాలి, పందిరి గుంజలు గట్టిచేయాలి, తోటకూర, గోంగూర, బెండ విత్తనాలను గాలి చొరని సీసాలో పొడిగా దాచాలి. తుఫాను హెచ్చరిక రాగానే ముదిరిన కాయలన్నీ కోసేయండి. గాలి తగ్గి నీరు తీశాక, ఎవరి సాయం కోసమూ ఆగకుండా విత్తండి.