చలికాలములో ఇంటి పొదుపు: పాతబస్తీ ఇల్లాండ్ర లెక్క

మార్గశిర పుష్యమాసములు వచ్చినవనగా పల్లెలోని రైతు ఇంట ధాన్యము, పత్తి, కంది చేతికి వచ్చి నాలుగు డబ్బులు కనబడును. హైదరాబాదు పాతబస్తీలోని సామాన్య కుటుంబమునకు అదే నెలలలో ఖర్చు పెరుగును గాని రాబడి పెరుగదు. లాడ్ బజారుకు లక్క గాజులు చేసి ఇచ్చువారు, జర్దోజీ కుట్టుపనివారు, ఆటో నడుపువారు, తోపుడుబండ్ల వారు – వీరిలో పెక్కుమందికి కూలి రోజుకో వారమునకో ముట్టును. నెల జీతమన్న మాట లేదు. చలికి కప్పుకొనుటకు దుప్పట్లు, స్నానమునకు వేడినీళ్ళు, పిల్లల దగ్గు పడిశములకు మందులు, వీటికి తోడు పెండ్లిండ్లు. అయినను చార్మినారు చుట్టునున్న గల్లీలలో వడ్డీవ్యాపారి గడప త్రొక్కక సంసారము ఈదుకొని వచ్చు ఇల్లాండ్రు ఎందరో ఉన్నారు. వారు చేయు పనులలో రైతు కుటుంబములకు పనికివచ్చునవి కొన్ని కలవు.

ముందుగా ఒక మాట. ఈ ఇల్లాండ్ర పొదుపు కడుపు మాడ్చుకొనుట కాదు. ఋతువులో చౌకగా దొరకునది చూచి వండుదురు. ఇంట నున్నదానిని బాగుచేసికొని వాడుదురు. అట్లు మిగిలిన పైకమును ఆ దినముననే చేతికి అందని చోట పెట్టుదురు. ఈ చివరి పని జరుగనియెడల మొదటి రెండును వృథా. కూరలో మిగిలిన పది రూపాయలు సాయంకాలమునకు మరియొక దారిని పోవును.

వంటింటిలో

చలికాలపు ఉదయమున పాతబస్తీ ఇండ్లలో సాధారణమైన ఫలహారము ఖిచిడీ, ఖట్టా. మనము మైసూరు పప్పు అని పిలుచు మసూరు పప్పును బియ్యముతో కలిపి ఉడికించినది ఖిచిడీ. చింతపండు పులుసులో వేయించిన నువ్వుల పొడి, ఉల్లి, పచ్చిమిరప, కొత్తిమీర కలిపినది ఖట్టా. దానిని పొయ్యిమీద మరిగించ పనిలేదు. కావలసినచో ఒక పోపు పెట్టుదురు, అంతే. డబ్బున్న దినమున ప్రక్కన ఖీమా ఉండును. లేని దినమున అప్పడము ఉండును, లేక అదియు ఉండదు. ఖీమా లేకున్నను ఆ భోజనమునకు వచ్చిన లోటు స్వల్పము. మసూరు పప్పులో నూటికి ఇంచుమించు 24 వంతులు మాంసకృత్తులే. బియ్యపు మాంసకృత్తులలో కొరతగా నున్నది పప్పులో దొరకును, పప్పులో కొరతగా నున్నది బియ్యములో దొరకును. పొట్టు తీయని నువ్వులలో కాల్షియం మిక్కుటము. నువ్వులు, కందిపప్పు ఇంటి పంటగా నున్న రైతు ఇట్టి ఆహారమును వదలి ఉదయమున పిల్లలకు బిస్కట్ల పొట్లము కొనియిచ్చుట చూచినప్పుడు నాకు కష్టము తోచును.

కూరగాయల సంగతి. మీరాలం మండికి, ఫలక్‌నుమా రైతుబజారుకు ఈ కాలమున చిక్కుడు, టమాటా, ముల్లంగి, మెంతికూర, పాలకూర విరివిగా వచ్చును. పాతబస్తీ ఇల్లాలు ఇంటివద్ద కూర నిర్ణయించుకొని బజారుకు పోదు. బజారులో ఏది రాశిగా పడియున్నదో చూచి, ఆ కూర వండును. ఆకుకూర కట్టలు దీపాలు పెట్టు వేళకు ధర తగ్గునని ఎరిగి అప్పుడు కొనును.

ఇక్కడ రైతు సోదరులు, ‘ఆమెకు చౌక మాకు నష్టము గదా’ అని అడుగవచ్చును. నిజమే. చేవెళ్ల, మొయినాబాదు, ఇబ్రహీంపట్నము వైపునుండి టమాటా తెచ్చిన రైతుకు ధర పడిపోయిన దినమున బండి కిరాయి గిట్టుట కూడ కష్టము. 1999 జనవరి 26న రైతుబజారులు ప్రారంభమైనది దళారి లేకుండ ఈ ఇద్దరిని ఎదురెదురుగా నిలుపుటకే. అయినను సరకు వెల్లువగా వచ్చినప్పుడు ఏ బజారైనను ధరను నిలుపలేదు. అట్టి దినములలో అమ్ముడుపోని పంటను గట్టున పారబోయుటకు మారుగా వరుగు చేసి ఉంచుకొనుట మేలు. టమాటాలను పలుచగా తరిగి, ఉప్పు చల్లి, పలుచని గుడ్డ కప్పి, గలగలలాడు వరకు ఎండలో ఆరబెట్టవలెను. రాత్రి మంచు తగులకుండ లోపల పెట్టవలెను. పది కిలోల టమాటాలలో తొమ్మిది కిలోలకు పైగా నీరే గనుక మిగులునది అరకిలోకు కొంచెము ఎక్కువ. గాలి చొరని డబ్బాలో పోసిన ఆ అరకిలో, వేసవిలో టమాటా ధర మండిపోవునాడు ఇంటిని ఆదుకొనును. చిక్కుడు, వంకాయ వరుగులు చేయుట మన అవ్వలు ఎరిగినదే. ఇప్పటి కోడండ్రు మానివేసిరి.

వేడినీటి ఖర్చు

హైదరాబాదులో చలి మహా తీవ్రమైనది కాదు. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 15 డిగ్రీల చుట్టుప్రక్కల ఉండి, కొన్ని రాత్రులు 10 డిగ్రీల దాపునకు దిగును. కనుక ఇంటిని వెచ్చచేయు ఖర్చు మనకు లేదు, స్నానపు నీళ్ళ ఖర్చు మాత్రము కలదు. దీనిని ఎవరును లెక్కకట్టరు. ఇరువది లీటర్ల బకెట్టు నీటిని 20 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు వేడిచేయుటకు గ్యాసు పొయ్యిమీద సుమారు 65 గ్రాముల గ్యాసు కాలును. ఇంటిలో అయిదుగురుండి రోజుకొక బకెట్టు చొప్పున పోసికొన్నచో 14.2 కిలోల సిలిండరు కేవలము నీళ్ళకే 43 దినములలో ఖాళీ అగును. అన్నము, కూర లెక్కలో లేవు!

పాతబస్తీలో డాబాపైన నీళ్ళ బిందెలు, డ్రమ్ములు ఎండలో ఉంచి మధ్యాహ్నము పిల్లలకు స్నానము చేయించు ఇండ్లు ఉన్నవి. బయటి వైపు నల్లరంగు పూసిన డ్రమ్ము ఇంకను త్వరగా వేడెక్కును. ఎండవలన నీరు 30 డిగ్రీలకు వచ్చినను గ్యాసులో సగము మిగిలినట్లే. పల్లెలో స్థలమునకు కొదువ లేదు, ఎండకు వెల లేదు.

అట్లే పప్పును, బియ్యమును అరగంట నానబెట్టుట, మూత పెట్టి వండుట, ప్రెషరు కుక్కరు వాడుట. రైతు ఇంట గడ్డి ఉన్నది గనుక ఇంకొక ఉపాయము కలదు. పెద్ద గంపలో ఎండుగడ్డి దట్టముగా కూరి నడుమ గిన్నె పట్టు గుంట చేయవలెను. నానిన ఖిచిడీని పది నిమిషములు బాగుగా తెర్లించి, మూత తీయక గుంటలో దించి, పైన గడ్డి నింపిన దిండు కప్పినచో గంటలో అదియే ఉడుకును. మాంసమునకు ఈ పద్ధతి పనికిరాదు. మాంసము ఉడికినంతసేపు మంట ఉండవలెను.

ఒక ఆదా మాత్రము చేయరానిది. చలికి తాళలేక కొందరు బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకొని తలుపులు, కిటికీలు మూసి నిద్రింతురు. బొగ్గునుండి పుట్టు కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. పడుకొనుటకు ముందు కుంపటిని బయట పెట్టి తీరవలెను. బకెట్టులో ఎలక్ట్రిక్ రాడ్డుతో నీరు కాచువారు ప్లగ్గు ఊడదీసిన తరువాతనే నీటిలో చేయి పెట్టవలెను. గ్రామాధికారులు ఈ రెండు సంగతులను చలికాలము మొదటనే ఊర చాటించినచో మంచిది.

పాత దూది, కొత్త రజాయి

చలి తగులగానే పాతబస్తీలో దూది ఏకువారికి చేతినిండ పని. పూర్వము విల్లు వంటి పనిముట్టుతో ఏకెడివారు, ఇప్పుడు యంత్రములు వచ్చినవి. గడ్డకట్టిన పాత రజాయిని విప్పి, దూదిని ఏకి, దుమ్ము రాల్చి, అదే దూదిని ఉతికిన గవుసెనలో పరచి కుట్టి ఇత్తురు. దూది వెల ఉండదు, కూలి మాత్రమే. గడ్డకట్టిన దూదిలో గాలి నిలువదు గనుక వెచ్చదనము ఉండదు. ఏకిన దూదిలో గాలి చేరి వెచ్చగా నుండును. అనగా పోయినది దూది కాదు, దానిలోని గాలి! కొత్త రజాయి కొనువారిలో పెక్కుమంది ఆ గాలికే డబ్బు పెట్టుచున్నారు.

పత్తి పండించు రైతు దుప్పటికై పట్టణమునకు పరుగెత్తుట మరింత వింత. ఆరు కిలోల పత్తిలో గింజ పోగా సుమారు రెండు కిలోల దూది వచ్చును. ఒకరు కప్పుకొను రజాయికి అది చాలును. పాతచీరల బొంతకు ఆ ఖర్చు కూడ లేదు. ఏది కప్పుకొన్నను వారమునకొకసారి ఎండలో వేయవలెను.

మిగిలిన పైకము ఎక్కడ పెట్టవలెను?

ఇంతవరకు చెప్పినవన్నియు చిల్లర ఆదాలు. కుటుంబములను ముంచునది అప్పు. పాతబస్తీలోనేమి, ఇతర పేటలలోనేమి, రోజువారీ వసూలు అప్పు ఒకటి కలదు. గిరిగిరి అందురు. చేతికి 9,000 రూపాయలు ఇచ్చి, రోజుకు 100 చొప్పున నూరు దినములు వసూలు చేయుదురు. మొత్తము 10,000. ‘వేయి రూపాయలే గదా, నూటికి పదకొండు’ అని తీసికొనువాడు అనుకొనును. కాని అసలు దినదినము తీరిపోవుచున్నది గనుక నూరు దినములలో అతని వద్ద సగటున ఉండునది నాలుగున్నర వేలే. దానిపై వేయి వడ్డీ అనగా నూరు దినములకు నూటికి 22. ఏడాదికి కట్టి చూచిన 80 దాటును. రైతు భాషలో చెప్పవలెనన్న ఆరున్నర రూపాయల వడ్డీకి పైమాట. రెండు రూపాయల వడ్డీ అన్న ఉలిక్కిపడు రైతు దీనిని ‘రోజుకు వందే’ అని తీసికొనుచున్నాడు.

ఈ అప్పు ఎక్కువగా పుట్టునది చలికాలముననే, పెండ్లిండ్ల పేరిట. తెలంగాణ ప్రభుత్వము 2014 అక్టోబరు 2న ప్రారంభించిన కళ్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకముల సాయము తొలుత 51,000 రూపాయలు. 2018లో 1,00,116 రూపాయలకు పెరిగినది. అది అర్హులైన పేద కుటుంబములకు పెద్ద ఆసరాయే. కాని వచ్చు సాయమును చూచి ఫంక్షను హాలును, విందును పెంచిన ఇంట అప్పు తగ్గలేదు. పెండ్లి ఖర్చును ముందుగా కాగితముమీద వ్రాసి, ఆ కాగితమును ఇంటి ఆడవారి చేతిలో పెట్టుట ఒక మంచి కట్టుబాటు. నాంపల్లిలో జనవరి 1న మొదలగు నుమాయిష్‌కు పిల్లలను తీసికొనిపోవుటకైనను అంతే. 1938లో ఆరంభమైన ఆ ప్రదర్శనకు పోకుండ హైదరాబాదు పిల్లలు ఊరుకోరు. కావున దానికింత అని వేరుగా మూట కట్టి, అది అయిపోగానే ఇంటికి మరలుట.

వడ్డీ తీసికొనుట, ఇచ్చుట మతరీత్యా కూడదని తలచు కుటుంబములకు పాతబస్తీలో వడ్డీలేని అప్పు ఇచ్చు సంఘములు ఉన్నవి. సభ్యులు చిన్న మొత్తములు జమకట్టుదురు, అక్కరపడినవారికి ఇత్తురు, వారు వాయిదాలలో తీర్తురు. పల్లెలలో ఇట్టి పనిని మహిళా పొదుపు సంఘములు చేయుచున్నవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై తిరుగబడిన తరువాత, సారాకు పోవు డబ్బును రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టుట ఆ జిల్లాలో ఉద్యమముగా వ్యాపించినది. తపాలా కార్యాలయములో నెలకు 100 రూపాయలతో కూడ అయిదేండ్ల రికరింగు డిపాజిట్టు తెరువవచ్చును. చిట్టీ కట్టదలచినవారు మాత్రము నడుపువాని మంచిమాటలు కాక, 1982 చిట్‌ఫండ్ చట్టము క్రింద రిజిస్ట్రారు ఇచ్చిన అనుమతి పత్రమును అడిగి చూడవలెను. చూపుటకు జంకువానివద్ద చేరరాదు.

పాతబస్తీ కూలివానికి డబ్బు బొట్టుబొట్టుగా వచ్చును గనుక రోజు కొంత తీసిపెట్టుట అతనికి తగిన మార్గము. రైతుకు డబ్బు ఒక్కసారిగా వచ్చును. రోజుకొక రూపాయి అన్న సూత్రము అతనికి సరిపడదు. ధాన్యము పైకము బ్యాంకు ఖాతాలో పడిన దినముననే పంట ఋణము, యాసంగి విత్తనము, ఎరువు, పిల్లల బడి ఫీజు – ఈ నాలుగింటిని వేరుచేసి, తక్కినదానినే ఏడాది ఖర్చుగా భావించి పన్నెండు నెలలకు పంచవలెను. ఇందులో పంట ఋణమునకు మొదటి స్థానము. కేంద్రప్రభుత్వ వడ్డీ రాయితీ క్రింద మూడు లక్షలలోపు స్వల్పకాలిక పంట ఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోగా తీర్చినవారికి మరియొక 3 శాతము తగ్గి 4 శాతమే పడును. గడువు ఒక్క దినము దాటినను ఆ 3 శాతము పోవును. గడువు తేదీ తెలియని రైతులు బ్యాంకులో గాని సహకార సంఘములో గాని అడిగి, సంక్రాంతి బట్టలు కొనుటకు పోకముందే ఇంటి గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొనవలెను.