మేరానా, ఐలాండ్ శిఖరమా?

శింగనమల చెరువు చుట్టుపక్కల కొండలెక్కి కాళ్లు గట్టిపడిన విద్యార్థుల బృందమొకటి హిమాలయాలకు బయలుదేరాలనుకుందని ఊహించండి. డబ్బు, సెలవులు ఒక్క శిఖరానికే సరిపోతాయి. ఏ శిఖరం ఎక్కాలి?

నేపాల్ దేశంలో 'ట్రెకింగ్ శిఖరాలు' అని ఒక జాబితా ఉంది. పేరు విని మోసపోకండి. అవి ఎవరెస్టు వంటి మహాశిఖరాలు కావని మాత్రమే ఆ పేరుకు అర్థం. మంచుగొడ్డలి, బూట్లకు బిగించే ఇనుప పళ్లు, నడుముకు తాడు లేకుండా వాటి జోలికి పోకూడదు. ఈ జాబితాలో కొత్తవారిని ఎక్కువగా ఆకర్షించేవి రెండు. ఒకటి మేరా శిఖరం. దాని ఉత్తరపు కొన ఎత్తు 6,476 మీటర్లు. అయితే ఎక్కువమంది చేరేది 6,461 మీటర్ల మధ్య కొనకే. రెండవది ఐలాండ్ శిఖరం. 1983లో దీనికి ఇమ్జా త్సే అని పేరు మార్చారు. దీని ఎత్తు పాత పటాల్లో 6,189 మీటర్లు, కొత్త కొలతల్లో సుమారు 6,160. 1953లో ఎవరెస్టుకు వెళ్లిన బ్రిటిష్ బృందం ముందుగా దీనిపైనే సాధన చేసింది. టెన్సింగ్ నార్గే కూడా ఆ సాధనలో ఉన్నాడు.

ఎత్తు తక్కువది తేలిక కదా అంటారేమో! ఇక్కడే ఉంది తమాషా. మేరా మీది హిమానీనదం వాలు చాలా దూరం మెత్తగా సాగుతుంది. తాడు కట్టుకుని ఓపికగా నడవాలి. ఐలాండ్ శిఖరం చివర మాత్రం నిటారైన మంచుగోడ ఉంది. అక్కడ కట్టిన తాడుకు 'జుమార్' తగిలించి పైకి లాక్కోవాలి. జుమార్ అంటే తాడు మీద పైకి జరిగి, కిందికి జారకుండా పట్టుకునే పరికరం. దారిలో మంచు పగుళ్ల మీద నిచ్చెనలు వేసి దాటాల్సి రావచ్చు. అందుకే చాలామంది మేరా ఎత్తైనదైనా సులువని చెబుతారు. కాళ్లూ చేతుల వరకు ఆ మాట నిజమే. మరి ఊపిరితిత్తుల సంగతి?

అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రతీరాన 760 మిల్లీమీటర్లుండే పాదరస మట్టం ఇక్కడ దాదాపు 730. మనకు తేడాయే తెలియదు. 5,800 మీటర్ల దగ్గర అది ఇంచుమించు సగానికి పడిపోతుంది. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడా నూటికి 21 వంతులే, కాని గాలే పలచబడింది. నీరు 80 డిగ్రీలకే మరిగిపోతుంది. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు.

శరీరం వెంటనే చేసే పని వేగంగా ఊపిరి పీల్చడం. దీనితో రక్తంలోని కార్బన్ డయాక్సైడు ఎక్కువగా బయటికి పోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది గమనించిన మెదడు ఊపిరికి కళ్లెం వేస్తుంది. ప్రాణవాయువు కావాలి, కాని ఊపిరి పెంచకూడదు! ఈ చిక్కుముడి విప్పేవి మూత్రపిండాలు. అవి బైకార్బనేటును మూత్రంలోకి పంపి రక్తాన్ని సరిచేస్తాయి. కాని దానికి రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు తగినన్ని పెరగడానికి వారాలే కావాలి. ఈలోగా తొందరపడి పైకి పోతే తలనొప్పి, వాంతులు. ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. ప్రాణాలు పోవచ్చు. కండలు తిరిగిన వస్తాదుకైనా మినహాయింపు లేదు. అసలైన చికిత్స ఒక్కటే: వెంటనే కిందికి దిగడం.

అందువల్ల 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి కంటే 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలనీ వైద్యులు చెబుతారు. పగలు ఎంత ఎక్కామన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది లెక్క. ఈ కొలబద్ద పెట్టి రెండు దారులూ చూడండి. మేరాకు దగ్గరి దారి 2,860 మీటర్ల లుక్లా నుంచి బయలుదేరి, 4,600 మీటర్ల జత్ర్వా లా కనుమ మీదుగా పోతుంది. శరీరం అలవాటు పడకముందే వచ్చే కనుమ అది. దక్షిణం నుంచి చుట్టుదారి ఉంది కాని, రోజులు ఎక్కువ. పైగా శిఖరానికి ముందు రాత్రి పడుకునేది 5,800 మీటర్ల దగ్గర. ఐలాండ్ శిఖరం దారి నామ్చే, టెంగ్‌బోచే, డింగ్‌బోచే, ఛుకుంగ్ ఊళ్ల మీదుగా మెట్లు మెట్లుగా లేస్తుంది. మూల శిబిరం సుమారు 5,100 మీటర్లు. దారికి దగ్గరలోని ఫెరిచేలో ఎత్తు జబ్బులకు వైద్యం చేసే కేంద్రం ఉంది. అయితే చివరి రోజు వెయ్యి మీటర్లకు పైగా ఒక్క ఊపున ఎక్కాలి కనుక, అర్ధరాత్రి దాటగానే బయలుదేరాలి.

నన్నడిగితే మన బృందానికి ఐలాండ్ శిఖరమే మేలు. తాడు పట్టడం, జుమార్ నడపడం, నిచ్చెన దాటడం ఇక్కడే బండరాళ్ల మీద నేర్చుకోవచ్చు. పలచని గాలిని మాత్రం అనంతపురంలో సాధన చేయలేం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ కూడా మొదట భువనగిరి కొండబండ మీదనే తాడు పట్టారు. ఆ తర్వాతే డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు, లదాఖ్ చలికి వెళ్లారు. వారికీ ఒక ఎంపిక ఎదురైంది, కాని అది శిఖరం గురించి కాదు, దారి గురించి. నేపాల్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కాలంటే 16 ఏళ్లు నిండాలి. పూర్ణకు అప్పుడు పద్నాలుగు కూడా నిండలేదు. అందుకే టిబెట్ వైపు నుంచి ఎక్కారు.

ఐలాండ్ శిఖరం కింద చెరువుల సీమవాళ్లు చూడదగ్గ వింత ఒకటుంది. హిమానీనదం కరిగి ఏర్పడిన ఇమ్జా సరస్సు అది. 1950ల్లో చిన్న చిన్న మడుగులుగా ఉండేది, ఇప్పుడు రెండు కిలోమీటర్లకు పైగా పొడవుంది. మన చెరువు నిండితే పండుగ. అది నిండితే కింది ఊళ్లకు గండం. 2016లో దానికి కాలువ తవ్వి, తలుపులు బిగించి, నీటిమట్టాన్ని 3 మీటర్లకు పైగా తగ్గించారు. మన చెరువు తూము లాంటి ఏర్పాటే!

ప్రయాణకాలం రెండు శిఖరాలకూ ఒకటే: ఏప్రిల్, మే నెలలు, లేదా అక్టోబరు, నవంబరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా శింగనమల ఆకాశంకేసి చూసి ఎదురుచూసే ఋతుపవనమే అక్కడ శిఖరాల్ని మబ్బుల్లో దాచేస్తుంది, లుక్లా విమానాల్ని ఆపేస్తుంది.