సుబాబుల్, జామాయిల్, సరుగుడు: కాటా మీద ఒక లెక్క, గాలిలో మరో లెక్క

కోస్తా జిల్లాలలోను, ఖమ్మం ప్రాంతంలోను కాగితపు మిల్లులకు గుజ్జు కర్ర ఇప్పుడు ఎక్కువగా రైతుల పొలాల నుంచే వెళ్తోంది. సుబాబుల్, జామాయిల్, సరుగుడు మూడూ సాధారణంగా మూడు నుంచి ఆరేళ్ల లోపు కోతకు వచ్చే చెట్లు. టన్నుల లెక్కన తూకం వేసి అమ్మే ఈ కర్రకు ఇటీవలి కాలంలో మరో విలువ చెబుతున్నారు. భూమి వేడెక్కుతున్న రోజులలో, త్వరగా పెరిగే చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును త్వరగా తీసుకుంటుందన్నదే ఆ విలువ. ఇందులో నిజమెంత, రైతుకు దక్కేదెంత అన్నది పరిశీలించదగిన విషయం.

అడవి నుంచి పొలానికి

సిర్పూర్, రాజమండ్రి కాగితపు మిల్లులు తొలి దశాబ్దాలలో అడవి వెదురు మీద ఆధారపడ్డాయి. వెదురు తరిగిపోవడంతో గట్టి కలప వైపు మళ్లవలసి వచ్చింది. పరిశ్రమలు తమ ముడిసరుకును వీలైనంత వరకు రైతుల ద్వారా పెంచి సమకూర్చుకోవాలని 1988 నాటి జాతీయ అటవీ విధానం నిర్దేశించింది. భద్రాచలం సమీపాన సారపాకలోని మిల్లు 1990 దశకంలో జామాయిల్ క్లోన్ మొక్కలను రైతులకు అందించసాగింది. మేలైన చెట్టు కొమ్మ తుంపుల నుంచి పెంచిన ఈ మొక్కలన్నీ ఒకే తీరున ఎదగడం వల్ల, విత్తనపు మొక్కల కంటే దిగుబడి బాగా పెరిగింది. పొలంలో పండిన ప్రతి టన్నూ అడవిపై ఆ మేరకు ఒత్తిడి తగ్గించిందన్నది కాదనలేని లాభం.

లెక్క ఇలా

అప్పుడే నరికిన కర్రలో దాదాపు సగం నీరే. నీరు పోగా మిగిలిన దానిలో సుమారు సగం కర్బనం. అంటే టన్ను పచ్చి కర్రలో ఇంచుమించు 250 కిలోల కర్బనం ఉంటుంది. ఇంత కర్బనం కూడడానికి చెట్టు గాలి నుంచి తీసుకున్న బొగ్గుపులుసు వాయువు సుమారు 900 కిలోలు. ఎకరానికి 30 టన్నుల దిగుబడి అనుకుంటే, ఒక కోత వరకు ఆ ఎకరం తీసుకున్నది దాదాపు 27 టన్నులు.

అయితే ఇది నికరంగా మిగిలే జమ కాదు. కర్ర గుజ్జవుతుంది, గుజ్జు కాగితమవుతుంది, చాలా భాగం కాగితం కొద్దికాలానికే చిత్తై తిరిగి గాలిలో కలుస్తుంది. నిలిచేది భూమిలోని వేళ్లు, మోళ్లు, రాలిన ఆకుతో నేలలో చేరే కర్బనం. నరికిన మోడు మళ్లీ చిగురించి తోట నిలిచినంత కాలమే ఈ నిల్వ ఉంటుంది. మోళ్లు పెకలించిన నాడు ఖాతా మూసినట్లే. బీడు భూమిలో వేసిన తోటకు ఈ లెక్కలో విలువ ఎక్కువ. సహజమైన అడవిని కొట్టి వేసిన తోటకు నష్టమే తప్ప లాభం లేదు.

గడువు గల సరుకు

ఖమ్మం జిల్లాలో బాగా క్షీణించిన భూములలో చేపట్టిన సామాజిక అడవుల పథకం 2009లో ఐక్యరాజ్య సమితి కర్బన పథకం కింద నమోదైంది. కాని ఆ ఏర్పాటులో చెట్ల మీద ఇచ్చిన పత్రాలన్నీ తాత్కాలికమైనవే. చెట్టు నరికివేతకో, అగ్నికో గురి కావచ్చు గనుక, వాటికి గడువు పెట్టారు. ఐరోపా ప్రధాన కర్బన విపణి ఈ పత్రాలను అసలు అనుమతించలేదు. కొనేవారు తక్కువైతే ధర ఏమవుతుందో వ్యాపారులకు చెప్పనక్కరలేదు. మన దేశంలో కర్బన పత్రాల వ్యాపార పథకాన్ని కేంద్రం 2023లో ప్రకటించింది. రెండు మూడు ఎకరాల రైతు విడిగా కొలతలు, తనిఖీల ఖర్చు భరించలేడు. పలువురు కలిస్తేనే అది గిట్టుబాటు.

నీటి మాట

జామాయిల్ నీరు తాగేస్తుందన్న ఆందోళన కొత్తది కాదు. 1983లో కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో రైతులు ఈ మొక్కలను పెరికివేశారు. ఫలితం నేలనుబట్టి, వానను బట్టి, అంతకు ముందు అక్కడ ఏముందన్న దాన్ని బట్టి మారుతుందని 1985లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రచురించిన అధ్యయనం తేల్చింది. బావుల నీరు అడుగంటిన చోట జాగ్రత్త అవసరం. సుబాబుల్, సరుగుడు వేళ్లపై బుడిపెల ద్వారా నేలకు నత్రజనిని చేకూరుస్తాయి. జామాయిల్‌కు ఆ గుణం లేదు. 1977 నవంబరు నాటి దివిసీమ తుపాను తర్వాత తీరం వెంట సరుగుడు తోపుల పెంపకానికి ప్రాధాన్యం లభించింది. గాలిని ఆపి ఇసుకను నిలిపే ఆ సేవకు ఏ కాటా మీదా తూకం లేదు.

తూకంలో తరుగు

రైతు ఆదాయం మాత్రం నేటికీ కాటా మీదే ఆధారపడి ఉంది. కొనే మిల్లులు కొద్ది, అమ్మేవారు వేలు. నరికిన కర్ర రోజురోజుకూ ఆరిపోతుంది గనుక, రవాణా ఆలస్యమైతే నష్టం రైతుదే. టన్ను కర్రలో 100 కిలోల నీరు ఇగిరితే రైతుకు 900 కిలోలకే డబ్బు వస్తుంది. అందులోని పీచు తగ్గదు, కర్బనమూ తగ్గదు. తగ్గేది రైతు సొమ్ము ఒక్కటే. టన్నుకు 500 రూపాయలు ధర పడితే, 30 టన్నుల మీద ఎకరానికి 15,000 రూపాయలు పోయినట్లు.

ధర పడినప్పుడు రైతు మోళ్లు పెరికించి మరో పైరుకు మళ్లడం సహజం. అప్పుడు వేళ్లలో, నేలలో ఏళ్ల తరబడి చేరిన కర్బనం కూడా తిరుగుముఖం పడుతుంది. కనుక కర్ర ధర నిలకడ అన్నది ఒక్క రైతు సమస్యగా చూడరాదు. తోట వేయదలచిన రైతు మొక్క కొనడానికి ముందే మిల్లు ఎంత దూరం, నరికే కూలి ఎంత, లారీ కిరాయి ఎంత, తూకం ఎన్నాళ్లలో అవుతుంది అన్నవి విచారించుకోవడం మంచిది. చెట్టు ఎదగడానికి పట్టే నాలుగేళ్లలో మార్కెట్టు ఎన్నో మలుపులు తిరుగుతుంది.